అద్దంలో మీరు: గార తీయిస్తే పళ్ళు కదుల్తాయా?

ఈ వారం ఉత్తరాల కట్టలోంచి ఒక్కటే బయటికి తీశాను. హంసలదీవి నుంచి ఒక కుర్రాడు రాశాడు. పేరు వెయ్యొద్దన్నాడు గనుక వెయ్యటం లేదు. వయసు 22. మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానాలు చెయ్యటానికి చుట్టాలంతా దిగుతారట. ఆ చుట్టాల్లో ఒక మరదలు కూడా ఉందట! (కుర్రాడు గడుసువాడే.) ఫోటో తీసేటప్పుడల్లా పెదాలు బిగించి నవ్వాల్సొస్తోందని అతని బాధ. ఇక అతని మాటల్లోనే:

"కింది వరస పళ్ళకి లోపలి పక్క గార గట్టిగా పట్టేసింది. తోముకుంటే రక్తం వస్తోంది. అవనిగడ్డ వెళ్ళి క్లీనింగ్ చేయించుకుంటానంటే మా అమ్మ ససేమిరా అంటోంది. మా పెదనాన్న గార తీయించుకున్న రెండు నెలలకే పళ్ళు కదిలిపోయి ఊడిపోయాయట. నిజంగా అలా అవుతుందా? తీయిస్తే హీరోల పళ్ళలా తెల్లగా మెరుస్తాయా? ఆర్నెల్లకోసారి చేయించుకోవాలంటారు, అంత అవసరమా?"

మూడు ప్రశ్నలు. ఇలాంటివి మాకు చాలా ఊళ్ళ నుంచి వస్తూనే ఉంటాయి, కాని వాళ్ళమ్మగారి భయాన్ని ఇంత సూటిగా రాసినవాడు ఇతనే. అసలు సంగతంతా ఆ భయంలోనే ఉంది. అయినా ముందు తేలిక ప్రశ్న ముగించేద్దాం... తెలుపు సంగతి.

తమ్ముడూ, మీ ఊరి స్థలపురాణం నీకు నేను చెప్పేదేముంది! అందరి పాపాలూ కడిగి కడిగి నల్లబడిపోయిన గంగమ్మ కాకి రూపంలో తీర్థాలన్నీ మునుగుతూ వచ్చి, కృష్ణమ్మ సముద్రంలో కలిసే మీ చోట మునగ్గానే తెల్లటి హంసై తేలిందంటారు. పళ్ళకి మాత్రం అలాంటి మునక లేదు. డాక్టరు క్లీనింగ్ చేస్తే గార పోతుంది, టీ కాఫీల మరకలు, ఖైనీ గుట్కాల మరకలు పోతాయి. అడుగున ఉన్న నీ సొంత రంగు బయట పడుతుంది, అంతే. ఆ సొంత రంగు చాలామందికి కాస్త పసుపు చాయే. పసుపుగా ఉన్న పన్ను పాడైన పన్ను కాదు. ఇక ప్రకాశం, నల్గొండ జిల్లాల పాఠకుల్లో కొందరికి చిన్నప్పుడు తాగిన నీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చిన గోధుమరంగు మచ్చలుంటాయి. అవి పన్నులోపలే ఉంటాయి గనుక క్లీనింగ్‌తో పోవు. దానికి వైద్యం వేరు.

మరి హీరోల పళ్ళో? వెండితెర మీద కనిపించేదంతా దేవుడిచ్చిందే అనుకుంటే పొరపాటు. హాలీవుడ్‌లో 1930ల్లోనే చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు తారల పళ్ళ మీద అంటించే పల్చటి తొడుగులు తయారుచేశాడు. షాట్‌కి ముందు పెట్టుకోవటం, ప్యాకప్ చెప్పగానే తీసెయ్యటం! బాలనటి షర్లీ టెంపుల్ పాలపళ్ళు ఊడుతున్న వయసులో ఆమె నోటికీ ఆయన తొడుగులే. ఆ అమ్మాయికి ప్రేక్షకులు పళ్ళ సందులు చూడకుండానే పెద్దదైంది. ఇవాళ మన తారలు పెట్టించుకునే వెనీర్లు ఆ విద్యకి మనవలే. కాకపోతే ఇవి శాశ్వతంగా అంటించేవి. నిమ్మకూరు నుంచి ఎన్.టి.ఆర్.నీ, రామాపురం నుంచి ఏ.ఎన్.ఆర్.నీ, కౌతవరం నుంచి కైకాలనీ పంపిన గడ్డ మీది. క్లోజప్ అంటే ఏమిటో మీ వాళ్ళకి ఇంకొకరు చెప్పాలా? కాని క్లోజప్‌లో చిగురు పైభాగమే కనిపిస్తుంది. కథ నడిచేది చిగురు కింద.

దానికి క్లార్క్ గేబుల్ కంటే సాక్షి అక్కర్లేదు. 'హాలీవుడ్ రాజు' అని బిరుదున్న మనిషి. 1933లో, 32 ఏళ్ళ వయసులో, చిగుళ్ళ జబ్బు ముదిరి ఆస్పత్రిపాలయ్యాడు. మన పాత డాక్టర్లు పయోరియా అనేవారే, అదే జబ్బు. నోట్లో పళ్ళు దాదాపు అన్నీ పీకేశారు. 'డాన్సింగ్ లేడీ' చిత్రం షూటింగు ఆయన కోసం ఆగింది. 1939లో 'గాన్ విత్ ది విండ్'లో కోట్లాది ఆడపిల్లల గుండెలు జల్లుమనిపించిన ఆ చిరునవ్వు కట్టుడు పళ్ళది! పక్కన నటించిన వివియన్ లీ ఆయన నోటి వాసనకి ముఖం తిప్పుకునేదని హాలీవుడ్‌లో చాలాకాలం చెప్పుకున్నారు. డబ్బుకి లోటా? డాక్టర్లకి లోటా? అయినా చిగుళ్ళు ఊరుకోలేదు.

ఇప్పుడు గార సంగతికి వద్దాం. మనవాళ్ళు ఈ విషయంలో భలే పేర్లు పెట్టుకున్నారు. పొద్దున లేవగానే నాలుకతో తడిమితే పళ్ళ మీద జారుడుగా తగిలేది పాచి. చెరువు మెట్ల మీద పట్టేదీ పాచే. అది గడ్డకట్టి రాయైతే గార. పాత మండువా ఇళ్ళ గోడలకి సున్నంతో మెత్తిందీ గారే. పేరు ఊరికే రాలేదు. పళ్ళ గారలో ఉన్నదీ సున్నం జాతే. మన లాలాజలంలో కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. తోమకుండా వదిలేసిన పాచిలో అవి చేరి రోజుల్లోనే గట్టిపడటం మొదలవుతుంది. రెండు వారాలు వదిలేస్తే చాలామందిలో బ్రష్షుకి లొంగదు. నాలుక కింద లాలాజలం ఊరే గ్రంథుల నోళ్ళు సరిగ్గా కింది ముందుపళ్ళ వెనకాలే ఉన్నాయి. ఇంకో జత పై దవడ పళ్ళకి ఎదురుగా బుగ్గల్లో ఉన్నాయి. అందుకే నీకు కింది వరస లోపలే పట్టింది తమ్ముడూ. నువ్వేదో పాపం చేశావని కాదు.

ఆ పాచి వట్టి మురికి కూడా కాదు, సజీవంగా కదిలే జాతర! 1683లో హాలెండులో లేవన్‌హుక్ అనే ఆయన (బట్టల కొట్టుతో బతుకు మొదలెట్టిన మనిషి) తన పళ్ళ మీది పాచి గీకి, తనే చేసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. లోపల జూనియర్ ఆర్టిస్టుల గుంపులా కదిలిపోతున్న ప్రాణులు! లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. మనిషి సూక్ష్మజీవుల్ని చూసిన తొలి సందర్భాల్లో అదొకటి. గార చేసే అసలు చెడు ఏమిటంటే, ఈ గుంపుకి గరుకైన గూడు కట్టిపెట్టటం. గూడు చిగురు కిందికి దిగితే ఇక బ్రష్షు చేరదు, వేపపుల్ల చేరదు. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే చిగురుకి హాయిగా ఉంటుంది, నిజమే. కాని మీ ఊరి సముద్రమంతా పుక్కిలించినా గార కరగదు.

గూడు కట్టిన చోట చిగురు ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, తోమితే రక్తం చిమ్ముతుంది. ఇక్కడే మనవాళ్ళు చేసే పెద్ద తప్పు ఒకటుంది. రక్తం వస్తోందని ఆ చోట తోమటం మానేస్తారు! పుండుని కడగటం మానేసినట్టు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్యుడు 12 మందిచేత పళ్ళు తోమటం మాన్పించాడు. చిగుళ్ళు బాగున్నవాళ్ళే. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమటం మొదలెట్టించాడు. వారం పది రోజుల్లో అందరివీ మామూలైపోయాయి. కనక ఇంతవరకైతే ఇంటర్వెల్ లాంటిది, కథ ఎటైనా మళ్ళించొచ్చు. ఆ వాపు ఏళ్ళ తరబడి ఉండిపోతే కొందరిలో పన్నుని పట్టి ఉంచే ఎముక కరగటం మొదలవుతుంది. కరిగిన ఎముక తోమితే తిరిగి రాదు, క్లీనింగ్‌తోనూ తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవటమే.

పెదనాన్నగారి కథ ఇప్పుడు చెప్పుకోవచ్చు.

ఆయనకి గార పట్టింది నిన్న మొన్న కాదు. ఇరవై పాతికేళ్ళు పట్టి ఉంటుంది. ఈలోగా లోపల ఎముక కరిగిపోయింది, పళ్ళు వదులయ్యాయి. కాని వదులైన పళ్ళని గారే ఒకదానికొకటి అతికించి పట్టుకుంది. పునాది కూలిన గోడని పై పూత పట్టుకున్నట్టు. నొప్పి భరించలేక ఒకనాడు డాక్టరు దగ్గరకెళ్ళారు. గార తీశారు. పూత పోయింది, గోడ ఊగింది! ఊళ్ళో అందరికీ కనిపించింది ఏమిటి? 'గార తీశారు, పళ్ళు కదిలాయి.' మధ్యలోని పాతికేళ్ళు ఎవరికీ కనిపించలేదు. మీ అమ్మగారు చూసింది నిజమే. అబద్ధం చెప్పలేదావిడ. కాని పళ్ళు కదిలించింది క్లీనింగ్ కాదు, క్లీనింగ్‌కి వెళ్ళకుండా గడిపిన కాలం. ఆ కథ విని ఇంకో పదిమంది వెళ్ళటం మానేస్తారు, యాభై ఏళ్ళొచ్చాక ఆఖరి నిమిషంలో వెళ్తారు, వాళ్ళ పళ్ళూ కదుల్తాయి, ఆ కథ ఇంకా బలపడుతుంది... ఇలా దివిసీమలోనే కాదు, రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఊళ్ళో ఒక పెదనాన్న ఉన్నాడు.

'మరి మా తాత బొగ్గుతో తోముకునే 85 ఏళ్ళకి చెరుగ్గడ నమిలాడే' అంటారేమో. ఉంటారు, అలాంటి తాతలు తప్పకుండా ఉంటారు. ఆ హరాల్డ్ లో బృందమే 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది తమిళ కూలీలని చూడటం మొదలెట్టి 15 ఏళ్ళు వెంటపడి చూసింది. వాళ్ళకి దంతవైద్యం అంటే తెలియదు, బ్రష్షు తెలియదు. అందరి పళ్ళకీ పాచి, గార ఉన్నాయి. ఫలితం 1986లో అచ్చయింది. నూటికి 11 మందికి చిగుళ్ళ వాపు దాటి ఏమీ కాలేదు. 81 మందికి మెల్లగా ఎముక కరుగుతూ వచ్చింది. 8 మందికి మాత్రం గుర్రం దౌడు తీసింది, 45 ఏళ్ళొచ్చేసరికి నోట్లో పళ్ళు దాదాపు మిగల్లేదు. మీ తాత ఆ 11 మందిలో ఒకడు. నువ్వు ఏ గుంపులో ఉన్నావో అద్దంలో చూస్తే తెలియదు. డాక్టరు సన్నటి కొలకర్రతో చిగురు లోతు కొలిస్తే తెలుస్తుంది, ఎక్స్‌రేలో తెలుస్తుంది.

ఒక్క మాట సిగరెట్ బాబుల కోసం. పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళనుంచి రక్తం తక్కువ వస్తుంది. ఆరోగ్యం వల్ల కాదు! పొగాకు చిగుళ్ళలో రక్తనాళాల పని చెడగొట్టి ఆ గుర్తు కనపడకుండా చేస్తుంది. లోపల ఎముక మిగతావాళ్ళకంటే వేగంగా పోతూ ఉంటుంది, బయటికి మాత్రం నిక్షేపంగా ఉన్నట్టే ఉంటుంది. విలన్ పక్కనే నిలబడి ఉన్నా హీరోకి తెలియనట్టు. ఇంట్లో సుగరు జబ్బున్న పెద్దవాళ్ళుంటే వాళ్ళ చిగుళ్ళూ చూపించండి. సుగరు ముదిరితే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే సుగరు అదుపు తప్పుతుంది.

ఇక మూడో ప్రశ్న, ఆర్నెల్ల సంగతి. ఏడాదికి రెండుసార్లు దంతవైద్యుణ్ణి చూడమనే మాటకి ప్రచారం తెచ్చిన వాటిలో అమెరికా రేడియో ప్రకటనలు ముఖ్యమైనవి. పెప్సోడెంట్ కంపెనీ పెట్టుబడితో నడిచిన ఒక హాస్య కార్యక్రమం ద్వారా 1930ల్లో అది ఇంటింటికీ పాకింది. అంటే శాసనమేమీ కాదు. 2018లో కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ ఈ విషయాన్ని పరిశీలించింది. జబ్బు ముదరకుండా, క్రమం తప్పకుండా డాక్టరుకి చూపించుకునే పెద్దవాళ్ళలో ఆర్నెల్లకోసారి క్లీనింగ్ చేయించుకున్నా, ఏడాదికోసారి చేయించుకున్నా, వరసపెట్టి చేయించుకోకపోయినా రెండు మూడేళ్ళలో చిగుళ్ళ వాపులో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదట! 'హమ్మయ్య' అని పడుకోవద్దు. వాళ్ళు క్రమం తప్పకుండా డాక్టరుకి నోరు చూపించుకునేవాళ్ళు. నువ్వు ఇంతవరకు కుర్చీ ఎక్కలేదు, రక్తం వస్తోంది, గార రాయైంది. ఆ లెక్క నీకు వర్తించదు. ఇంగ్లండులో 2004లో ఇచ్చిన సలహా నాకు సబబుగా తోస్తుంది. పెద్దవాళ్ళలో నోటిని బట్టి 3 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా ఎంతకోసారి రావాలో డాక్టరే చెప్పాలన్నారు. గార తొందరగా కట్టే నోరు, పొగ, సుగరు, ఇంట్లో తొందరగా పళ్ళూడిన పెద్దలు ఉంటే దగ్గర దగ్గరగా వెళ్ళాలి. నీకు పెదనాన్న ఉన్నాడు గనుక నువ్వు మొదట్లో ఏడాదికి రెండుసార్లు చూపించుకోవటమే మంచిది.

కుర్చీలో ఏం జరుగుతుందో తెలియక భయపడేవాళ్ళే ఎక్కువ. చిన్న మొన ఉన్న పనిముట్టు సెకనుకి 25 వేల సార్లు, అంతకు మించీ అదురుతుంది. నీళ్ళు చిమ్ముతూ ఉంటుంది. ఆ అదురుకి గార పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. చప్పుడు మాత్రం బాగోదు, నేను ఒప్పుకుంటాను. పన్ను అరిగిపోతుందని భయం వద్దు. పన్ను పైపొర మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం, చెయ్యి తిరిగిన డాక్టరు దాన్ని గీకడు. చిగురు కిందిదాకా గార ఉంటే మత్తు సూది వేసి రెండు మూడు సిటింగుల్లో చేస్తారు. ఆఖర్న మెరుగు పెడతారు. తర్వాత కొన్నాళ్ళు చల్లనీళ్ళు జివ్వుమంటాయి. గార ఉన్నచోట సందులు కనిపిస్తాయి. అవి కొత్తగా వచ్చినవి కావు, గార కింద దాక్కున్నవే. వాపు తగ్గి చిగురు బిగుసుకోవటమూ దానికి కారణమే. గుండె కవాటాలు మార్పించుకున్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. గర్భిణులకి చిగుళ్ళు ఎక్కువ వాస్తాయి. వాళ్ళూ నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు.

తిరునాళ్ళ జోరులో ఇంకో రకం 'డాక్టర్లు' ఉంటారు, జాగ్రత్త! చిన్న సీసాలో మందు, పుల్లకి దూది, నిమిషంలో ముత్యాల్లాంటి పళ్ళు. అలాంటి సీసాల్లో సాధారణంగా ఉండేది యాసిడ్ సుమా. మరకతోపాటు పన్ను పైపొరనీ తినేస్తుంది, అది మళ్ళీ పుట్టదు. మరదలి కోసం తొందరపడి ఆ దూది దగ్గర నోరు తెరవకు. ఫోనులో కనిపించే బొగ్గు పేస్టులు, ఇంట్లోనే గార తీసుకునే కొక్కేలు కూడా ఆ బాపతే. బొగ్గు, ఇటుకపొడి గీతలు పెడతాయి. కొక్కెం నీ చేతిలో ఉంటే చిగురు చిరుగుతుంది, కింది గార కిందే ఉంటుంది.

ఎక్కడికెళ్ళాలి? మామూలు క్లీనింగ్‌కి అవనిగడ్డ గాని, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు గాని చాలు. వెళ్ళే ముందు డాక్టరు బోర్డు మీద బి.డి.ఎస్. అని ఉందో లేదో చూడు, ఫీజు ముందే అడుగు. అందులో సిగ్గేం లేదు. డబ్బు ఇబ్బందైతే కరకట్ట బస్సెక్కి విజయవాడ వెళ్ళు. అక్కడ ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆస్పత్రి ఉంది. గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో సిద్ధార్థ దంతవైద్య కళాశాల ఉంది. ఇలాంటి కాలేజీ ఆస్పత్రుల్లో చదువుకునే పిల్లలు చేస్తారు, వెనక ప్రొఫెసర్లు నిలబడి చూస్తారు. కాస్త ఆలస్యమవుతుంది, ఖర్చు తగ్గుతుంది. పొద్దున్నే వెళ్ళి ఓ.పి. చీటీ రాయించుకో. మాఘ పౌర్ణమికి నెల ముందే వెళ్తే చిగుళ్ళ ఎరుపు తగ్గి ఫోటోల వేళకి మామూలవుతాయి.

క్లీనింగ్ అయ్యాక ఇంటికొచ్చి పాత పద్ధతే సాగిస్తే రెండు వారాల్లో గార మళ్ళీ పని మొదలెడుతుంది. మెత్తటి బ్రష్షు కొను, గట్టిది కాదు. రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. రాత్రి తోమటం మాత్రం మానకు. బ్రష్షు కుచ్చుని చిగురూ పన్నూ కలిసేచోట ఏటవాలుగా ఆనించి చిన్నగా కదిలించు. ముఖ్యంగా కింది వరస లోపలి పక్క. మనవాళ్ళు బయటి పక్క అరిగేదాకా రుద్ది, లోపలి పక్కని దేవుడికొదిలేస్తారు. వేపపుల్ల తప్పు కాదు గాని అది లోపలి పక్కకి తిరగదు.

అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్ళు తమ్ముడూ. పెదనాన్న కథ ఆవిడ చేతే డాక్టరుకి చెప్పించు, నీ చిగురు లోతు కొలిచి ఎక్స్‌రే తీస్తే ఆవిడనీ దగ్గర నిలబెట్టి చూడనివ్వు. నీ పని అయ్యాక ఆవిణ్ణీ ఒకసారి ఆ కుర్చీలో కూచోమను. బహుశా ఇంతవరకు ఆవిడ నోరు ఏ డాక్టరూ చూసి ఉండడు.

వచ్చే వారం: చుండ్రు, నూనె తలలు. ఉత్తరాలు చాలా ఉన్నాయి, కాస్త ఓపిక పట్టండి.